ఏ ప్రొటీన్ చెడింది? ఎటువైపు చెడింది?

పోయిన నెల ఈ పేజీలో ఒక నరకణం ఇంకో నరకణానికి కబురు ఎలా అందిస్తుందో రాస్తే, ఈ నెల ప్రశ్నలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. పాఠం సంగతి పక్కన పెట్టి ఎక్కువ మంది ఇంట్లో మనిషి గురించే అడిగారు. "టెస్ట్‌లో మ్యుటేషన్ అని వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి" అన్న మాట రకరకాలుగా కనబడింది. వాటిలోంచి కొన్ని తీసుకుంటున్నా.

పోయిన సంచిక చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రెండు నరకణాలు తగులుకుని ఉండవు, మధ్యలో సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది, ఆ చోటును సినాప్స్ అంటారు. నరం చివరికి కరెంటు రాగానే అక్కడి కాల్షియం దారులు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి పోతుంది, లోపల రసాయనం నింపుకుని సిద్ధంగా ఉన్న చిన్న చిన్న తిత్తులు (ఒక్కోటి సుమారు 40 నానోమీటర్లు) పైపొరకు అతుక్కుని ఆ రసాయనాన్ని సందులోకి వదులుతాయి, అవతలి కణం మీదున్న రిసెప్టర్లు దాన్ని పట్టుకుంటాయి. ఇదంతా సెకనులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. దారి తెరిచేది ప్రొటీన్, కాల్షియం వచ్చిందని కనిపెట్టేది ప్రొటీన్, తిత్తిని పైపొరకు లాగి అతికించేవి స్నేర్ అనే ప్రొటీన్లు, అవతల పట్టుకునేది ప్రొటీన్, పనయ్యాక మిగిలిన రసాయనాన్ని ఊడ్చేసేదీ ప్రొటీనే. ఈ తిత్తుల వ్యవహారం తేల్చినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు ఎలా కట్టాలో రాసిపెట్టి ఉండేది జీన్. జీన్‌లో ఒక అక్షరం మారితే (మ్యుటేషన్ అంటే ఇదే) గొలుసులో ఒక ముక్క మారొచ్చు, లేదా గొలుసు మధ్యలోనే తెగిపోవచ్చు. మారినా ఏమీ కాకపోవచ్చు కూడా, అలాంటి మార్పులు మనందరిలో బోలెడున్నాయి. కొన్నిచోట్ల మారితే మాత్రం ప్రొటీన్ పని తగ్గిపోతుంది, ఇంకొన్నిచోట్ల మారితే అతిగా పని చేస్తుంది, ఈ రెండింటికీ వైద్యం ఒక్కోసారి పూర్తిగా ఎదురెదురు. ఇంతకీ నేను పాఠాలు చెప్పుకునే జీవశాస్త్రం మాస్టార్ని, ప్రిస్క్రిప్షన్ రాసేవాణ్ణి కాను. కింద మందుల పేర్లు రాసింది మీ డాక్టర్‌ని అడగడానికి మాత్రమే, ఈ పేజీ చూసి ఎవరూ మాత్ర ఆపొద్దు, మార్చొద్దు.

ప్రశ్న: సార్, మా పాపకు రెండేళ్లు. మూడో డోసు పెంటా టీకా కాస్త ఆలస్యంగా ఐదో నెలలో వేయించాం. ఆ రాత్రే జ్వరం వచ్చి చాలాసేపు ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి ఒళ్లు వేడెక్కితే చాలు వస్తున్నాయి. మొదట ఒకచోట కార్బమజెపిన్ సిరప్ ఇచ్చారు, తగ్గకపోగా ఎక్కువయ్యాయి. ఇప్పుడు వేరే ఆసుపత్రిలో టెస్ట్ చేసి ఎస్‌సిఎన్1ఏ మ్యుటేషన్, డ్రావే సిండ్రోమ్ అన్నారు. మా అత్త టీకా వల్లే అంటుంది. మా అమ్మ మేనరికం వల్ల అంటుంది, మాది మేనబావ సంబంధం. ఎవరి మాట నమ్మాలి?
(ఓ తల్లి, పలమనేరు)

అమ్మా, ఇద్దరి మాటా నమ్మొద్దు. అత్తమ్మకూ అమ్మకూ కలిపి ఈ జవాబు చదివి వినిపించండి.

ముందు మేనరికం సంగతి. ప్రతి జీన్‌కీ మనలో రెండు కాపీలుంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. దగ్గరి సంబంధం పెళ్లిళ్ల వల్ల ఎక్కువయ్యేవి రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బులు. డ్రావే, అంటే పసితనంలో మొదలయ్యే ఈ మొండి మూర్ఛ, అలాంటిది కాదు, ఒక్క కాపీ చెడినా వచ్చేస్తుంది. పైగా ఇలాంటి పిల్లల్లో సుమారు నూటికి 90 మందిలో ఆ మార్పు తల్లిదండ్రులెవరిలోనూ ఉండదు, అండంలోనో వీర్యకణంలోనో, లేదా పిండం మరీ తొలిదశలో ఉన్నప్పుడో కొత్తగా పుడుతుంది. మీరు ఎవరిని చేసుకున్నా ఇది జరగొచ్చు. మీరిద్దరూ కూడా టెస్ట్ చేయించుకుంటే మీ విషయంలో ఏమైందో చాలావరకు తేలుతుంది. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఈ టెస్ట్ తప్పక చేయించండి, ఎందుకంటే అరుదుగా తల్లికో తండ్రికో కొన్ని కణాల్లో మాత్రమే ఆ మార్పు దాగి ఉంటుంది, అప్పుడు రెండో బిడ్డకూ వచ్చే అవకాశం కొంత ఉంటుంది. జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాల్సింది ఈ విషయమే.

టీకా సంగతికి వస్తే, ఆస్ట్రేలియాలో బెర్కోవిచ్ అనే న్యూరాలజిస్టు బృందం 2006లో ఒక పని చేసింది. కోరింత దగ్గు టీకా (మీ పెంటాలో ఇదీ ఒక భాగమే) వల్ల మెదడు దెబ్బతింది అని ముద్ర పడిన 14 మందికి ఈ జీన్ పరీక్షించారు. 11 మందిలో ఎస్‌సిఎన్1ఏ మ్యుటేషన్ బయటపడింది! అంటే జబ్బు పుట్టుకతోనే ఉంది. టీకా తెచ్చిన జ్వరం మొదటి ఫిట్‌ను కాస్త ముందుకు లాగి ఉండొచ్చు, అంతే. టీకా లేకపోయినా తర్వాత వచ్చే మామూలు జలుబు జ్వరం ఆ పని చేసేది. కాబట్టి మిగిలిన టీకాలు మానేయకండి, జ్వరం రాకుండా ముందుగా ఏం చెయ్యాలో డాక్టర్‌ని అడిగి వేయించండి. తట్టు, కోరింత దగ్గు లాంటివి అసలుగా వస్తే మీ పాపకు వచ్చే జ్వరం టీకా జ్వరం కంటే చాలా పెద్దది.

ఇక సిరప్‌తో ఎందుకు ఎక్కువైంది? ఈ జీన్ చేసేది సోడియం లోపలికి పోయే ఒక దారి, దాన్ని ఎన్ఏవి1.1 అంటారు. సోడియం లోపలికి దూసుకుపోతేనే నరంలో కరెంటు పుడుతుంది. మరి ఆ దారి తగ్గితే కరెంటు తగ్గాలి, ఫిట్స్ కూడా తగ్గాలి కదా అని మీరు అడగొచ్చు, చాలాకాలం శాస్త్రవేత్తలనూ తికమక పెట్టిన ప్రశ్న ఇది. చిక్కు ఎక్కడుందంటే, ఈ దారి మీద ఎక్కువగా ఆధారపడేవి గాబా అనే రసాయనం వదిలి పక్క కణాలను శాంతపరిచే నరకణాలు. అవి నీరసపడితే మిగిలినవాటిని ఆపేవాడు ఉండడు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ లాంటివి సోడియం దారులను ఇంకా మూసే మందులు. మామూలు మూర్ఛలో అవి మంచి మందులే. డ్రావే బిడ్డకు ఇస్తే మాత్రం, తిరుమల ఘాట్‌లో కిందికి దిగుతున్న బస్సుకు అసలే సగం పడుతున్న బ్రేకును పూర్తిగా పీకేసినట్టు అవుతుంది. మొదట చూసిన డాక్టర్‌ని తప్పు పట్టనక్కర్లేదు, టెస్ట్ రాకముందు ఇది తెలియడం కష్టం. ఇప్పుడు తెలిసింది కాబట్టి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, స్టిరిపెంటాల్ లాంటి దారిలో వెళ్తారు. 2020లో అమెరికాలో డ్రావేకి ఫెన్‌ఫ్లూరమిన్‌కు కూడా అనుమతి వచ్చింది, ఒకప్పుడు లావు తగ్గడానికి వాడి గుండె కవాటాల మీద ప్రభావం చూపుతోందని మానేసిన మందు, ఇప్పుడు తక్కువ మోతాదులో, గుండె స్కాన్‌లు చేస్తూ ఇస్తున్నారు.

ఇంట్లో మీ చేతిలో ఉన్నవి కొన్ని. కత్తిరి ఎండల్లో పాపను బయట తిప్పకండి. తలంటు పోసేటప్పుడు మన పెద్దవాళ్లకు పొగలు కక్కే నీళ్లయితేనే తృప్తి, మీ పాపకు మాత్రం గోరువెచ్చనివి దాటొద్దు, వేడినీళ్ల స్నానం కూడా ఈ బిడ్డల్లో ఫిట్ తెప్పిస్తుంది. (వేడినీళ్లు తలమీద పోసుకున్నప్పుడే వచ్చే మూర్ఛ అని వేరే జబ్బు ఉంది, మన దక్షిణాదిలోనే ఎక్కువగా కనబడుతుంది, బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు దానిమీద చాలా పని చేశారు. రెండూ ఒకటి అనుకోకండి.) ఫిట్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో స్పూను పెట్టొద్దు, చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడాజోలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత కొట్టాలి అని డాక్టర్ దగ్గర రాయించుకుని ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించండి.

ఇంకొక్క విషయం చెప్పి వదిలేస్తా, ఇది మీకంటే వేరే తల్లిదండ్రులకు పనికొస్తుంది. ఎస్‌సిఎన్2ఏ అని ఇదే కుటుంబంలో ఇంకో జీన్ ఉంది. దానిలో మార్పు వల్ల పుట్టిన మూడు నెలల్లోపే ఫిట్స్ మొదలైతే ఎక్కువగా ఆ దారి అతిగా పనిచేస్తోందని అర్థం, అప్పుడు ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లే బాగా పనిచేస్తాయి. అదే జీన్‌లో మార్పుతో ఆ తర్వాత మొదలైతే చాలావరకు దారి పని తగ్గిందని, అప్పుడు అవే మందులు చెడు చేయొచ్చు. "సోడియం ఛానల్ మ్యుటేషన్" అని వాట్సాప్ గ్రూపులో పెట్టి ఎవరో చెప్పిన మందు అడిగేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

ప్రశ్న: మాస్టారూ, మా తమ్ముడికి తొమ్మిదేళ్లు. పుట్టినప్పటి నుంచి కనురెప్పలు సగం వాలే ఉంటాయి. పొద్దున బడికి పోయేటప్పుడు పర్వాలేదు, సాయంత్రానికి మెట్లెక్కలేడు, రాత్రి అన్నం నమల్లేక వదిలేస్తాడు. మయస్తీనియా అని పైరిడోస్టిగ్మిన్ ఇచ్చారు. కొన్ని వారాలకు ఇంకా నీరసపడ్డాడు. రక్తంలో యాంటీబాడీ లేదన్నారు. మా అమ్మానాన్నలు మేనమామ, మేనకోడలు.
(ఓ డిగ్రీ విద్యార్థి, బంగారుపాళ్యం)

బాబూ, నీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉండటం, యాంటీబాడీ లేకపోవడం, దగ్గరి సంబంధం, ఈ మూడూ కలిస్తే పెద్దవాళ్లకు వచ్చే మామూలు మయస్తీనియా (కండలు త్వరగా అలసిపోయే జబ్బు) కంటే పుట్టుకతో వచ్చే రకాన్ని ముందు అనుమానించాలి. పెద్దవాళ్లకు వచ్చేదాంట్లో సొంత రోగనిరోధక శక్తే రిసెప్టర్ల మీద పడుతుంది. మీ తమ్ముడిలాంటి పిల్లల్లో నరానికీ కండకూ మధ్య కబురు నడిపే ప్రొటీన్లలో ఏదో ఒకటి జీన్‌లోనే తేడాగా ఉంటుంది. అందుకే రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్లూ అవీ వీళ్లకు ఆ దారిలో పనిచేయవు.

ఇక్కడ కబురు మోసేది అసిటైల్‌కోలిన్. కండ మీదున్న దాని రిసెప్టర్ ఐదు ముక్కలతో తయారవుతుంది, అందులో ఒకటి ఎప్సిలాన్. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఎప్సిలాన్ బదులు గామా అనే ముక్క వాడుకుంటాం, పుట్టే సమయానికి దాన్ని తీసి ఎప్సిలాన్ పెట్టుకుంటాం. ఎప్సిలాన్ పూర్తిగా చెడిన పిల్లల్లో ఆ పాత గామా కొద్దికొద్దిగా తయారవుతూ ప్రాణం నిలబెడుతుంది, నాకు ఈ సంగతి ఎన్నిసార్లు క్లాసులో చెప్పినా ముచ్చటే. ఇలా రిసెప్టర్లు తక్కువైన పిల్లలకు పైరిడోస్టిగ్మిన్ మంచి మందు. అసిటైల్‌కోలిన్‌ను విరిచేసే ఎంజైమ్‌ను అది ఆపుతుంది, ఉన్న కాసిని రిసెప్టర్లకూ రసాయనం ఇంకాసేపు అందుతుంది.

కానీ అదే వాలిన కనురెప్ప వేరే కారణాలతోనూ వస్తుంది. ఒక రకంలో రిసెప్టర్ తెరుచుకుంటే త్వరగా మూసుకోదు, దీన్ని స్లో ఛానల్ అంటారు, కాల్షియం ఎక్కువగా పోయి కండ వైపు ఆ చోటే దెబ్బతింటుంది. అలాంటివాడికి రసాయనం ఇంకా అందించే పైరిడోస్టిగ్మిన్ ఇస్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. వాళ్లకు పనికొచ్చేది ఫ్లూఆక్సిటిన్, అవును, డిప్రెషన్‌కు వాడే మాత్రే, అది తెరుచుకున్న దారిని మూస్తుంది. ఇంకో రకంలో డాక్7 అనే ప్రొటీన్ చెడుతుంది, 2006లో దీన్ని కనుక్కున్నారు. రిసెప్టర్‌లో లోపమేమీ ఉండదు, నరం కండను తాకే చోటే సరిగా కట్టుబడదు. వీళ్లలో చాలామంది పైరిడోస్టిగ్మిన్‌తో నీరసపడతారు, ఉబ్బసానికి ఇచ్చే సాల్‌బ్యూటమాల్‌తో తేరుకుంటారు, అదీ వారాలు, నెలలు పడుతుంది, ఓపిక కావాలి. కాల్‌క్యూ అనే ప్రొటీన్ చెడినా దాదాపు ఇదే కథ.

మీ తమ్ముడిది ఏదో నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ మాత్రతో నీరసపడ్డాడన్న విషయం చాలా విలువైన సమాచారం, ఏ తేదీన మొదలుపెట్టారు, ఎప్పటి నుంచి తగ్గాడు అని రాసి న్యూరాలజీ డాక్టర్‌కు చూపించు. ఫోన్లో రెండు వీడియోలు కూడా తియ్యి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తల కదపకుండా నీ వేలిని పైకి పట్టి ఒక నిమిషం చూడమను. రెప్పలు మెల్లగా దిగిరావడం, వాడు నుదురు ముడతలు పడేలా కనుబొమలు ఎత్తి చూడటానికి తంటాలు పడటం, ఒక్కోసారి గడ్డం పైకెత్తి సందులోంచి చూడటం, ఇవి వీడియోలో స్పష్టంగా కనబడాలి. ఆసుపత్రిలో నరానికి సెకనుకు మూడుసార్ల చొప్పున చిన్న కరెంటు ఇచ్చి కండ స్పందన తగ్గుతూ పోతుందేమో చూస్తారు. ఆ తర్వాత జీన్ టెస్ట్. తిరుపతిలో స్విమ్స్ ఉంది, మీకు వెల్లూరు సిఎంసి ఇంకా దగ్గర.

మేనరికం ఇక్కడ లెక్కలోకి వస్తుంది, దాచుకోవడమెందుకు. మేనమామ, మేనకోడలికి పుట్టిన బిడ్డలో ఏ జీన్ తీసుకున్నా దాని రెండు కాపీలూ ఒకే పెద్దల నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనబావ, మేనమరదలి బిడ్డలో 16లో 1. స్లో ఛానల్ రకానికి ఎక్కువగా ఒక్క కాపీ చాలు, మిగతావాటిలో చాలావరకు రెండు కాపీలూ చెడాలి. అలాంటి జబ్బే అని తేలితే మీ అమ్మానాన్నలకు పుట్టే ప్రతి బిడ్డకూ 4లో 1 అవకాశం. నీకు రాలేదు కాబట్టి నువ్వు ఒక చెడిన కాపీ మోస్తూ ఉండొచ్చు, దానివల్ల నీకేం కాదు. నీకు మేనమామ కూతురిని ఇస్తామంటే మాత్రం ముందు ఇద్దరూ టెస్ట్ చేయించుకోండి. అమ్మానాన్నలతో దీని గురించి మాట్లాడేటప్పుడు కాస్త మెల్లగా, వాళ్లు ఇప్పటికే చాలా మాటలు పడి ఉంటారు.

ఈలోగా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు, మెగ్నీషియం ఇంజెక్షన్ ఈ పిల్లలను ఉన్నట్టుండి పడగొట్టగలవు. ఊళ్లో ఆర్‌ఎంపి దగ్గరికి జ్వరమని తీసుకుపోయినా ఈ మాట ముందు చెప్పండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ప్రశ్న: ముంగిస పాముతో కొట్లాడాక అడవిలోకి పోయి ఏదో వేరు నమిలి విషం విరుచుకుంటుందని మా తాత అంటాడు. ఆ వేరు ఇంట్లో ఉంటే పాముకాటుకు మందు వేరే అక్కర్లేదట. నిజమేనా సార్?
(తొమ్మిదో తరగతి విద్యార్థి, శ్రీకాళహస్తి)

తాతకు దణ్ణం పెట్టి ఇది చదివి చెప్పు. వేరు కథ మన ఊళ్లన్నింటా ఉంది, నేనూ చిన్నప్పుడు విన్నాను. ముంగిసకు రక్షణ దాని సొంత ప్రొటీన్‌లోనే ఉంది.

నాగుపాము విషంలో ఒక చిన్న ప్రొటీన్ ఉంటుంది, అది సరిగ్గా పైన చెప్పిన అసిటైల్‌కోలిన్ రిసెప్టర్ మీదే కూర్చుంటుంది. కబురు వచ్చినా కండకు అందదు. ముందు రెప్పలు వాలతాయి, మాట ముద్దగా అవుతుంది, చివరికి ఊపిరి తీసే కండలు ఆగిపోతాయి. ముంగిసలో ఆ రిసెప్టర్ గొలుసులో విషం అతుక్కునే చోట కొన్ని అమైనో ఆమ్లాలు మారి ఉన్నాయి. విషం అక్కడ గట్టిగా పట్టుకోలేదు, అసిటైల్‌కోలిన్ పని మాత్రం మామూలుగా నడుస్తుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1992లో దీన్ని బయటపెట్టారు. పాము తన విషానికి తాను చావకపోవడానికీ అదే చోట ఉన్న మార్పే ఒక కారణం. ఈ రిసెప్టర్‌లో కొన్ని మ్యుటేషన్లు పైన చెప్పినట్టు కొందరు పిల్లలకు రెప్పలు వాలుస్తాయి, అదే రిసెప్టర్‌లో వేరే మ్యుటేషన్లు ముంగిసకు ప్రాణం పోశాయి. అయితే ముంగిస కూడా పూర్తిగా సురక్షితం అనుకోకు. విషంలో ఇతర ప్రొటీన్లు కూడా ఉంటాయి, అది చురుగ్గా కాటు తప్పించుకోవడం వల్లా బతుకుతుంది.

కట్లపాము సంగతి ఇంకో రకం. దాని విషంలో ముఖ్యమైన భాగం నరం చివర ఉన్న తిత్తుల మీద దెబ్బకొడుతుంది, అసలు రసాయనమే విడుదల కాదు. అందుకే నాగుపాము కాటులో అసిటైల్‌కోలిన్‌ను పెంచే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ సాయపడుతుంది గానీ కట్లపాము కాటులో పెద్దగా ఉపయోగం ఉండదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను అది కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిన రెప్పలు. అలాంటిది చూస్తే కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి. మీ తాత నమ్మే వేరును మట్టిలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మా మనవడు పుట్టి నెల. తలుపు చప్పుడైనా కట్టెలా బిగుసుకుపోతాడు. ఉలుకు దోషమని తాయెత్తు కట్టించారు. ఫిట్స్ ఏమోనని నాకు టెన్షన్.
(ఓ నాయనమ్మ, చంద్రగిరి)

అమ్మా, నెల పిల్లలందరూ చప్పుడుకు ఉలిక్కిపడతారు, చేతులు చాచి మళ్లీ ముడుచుకుంటారు, అది ఆరోగ్యమే. కట్టెలా బిగుసుకుని, నిద్రలో మెత్తబడి, ముక్కు కొన మీద వేలితో తట్టిన ప్రతిసారీ తల వెనక్కి విరుచుకుంటుంటే మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. హైపర్‌ఎక్‌ప్లెక్సియా అనే అరుదైన జబ్బు ఉంది. వెన్నుపాములో కండలను శాంతపరిచే కబురు గ్లైసిన్ అనే రసాయనం మోస్తుంది, దాని రిసెప్టర్ చెడితే ఇలా జరుగుతుంది, ఆ జీన్‌ను 1993లో పట్టుకున్నారు. మన అడవుల్లో దొరికే ముష్టి గింజల విషం స్ట్రిక్నిన్ కూడా ఇదే రిసెప్టర్‌ను మూసి మనిషిని విల్లులా వంచేస్తుంది. దీన్ని మూర్ఛ అని పొరబడటం మామూలే. క్లోనజెపామ్‌తో చాలామంది పిల్లలు బాగవుతారు. బిగుసుకుని ఊపిరి ఆడకపోతే తలనూ కాళ్లనూ కడుపు వైపుకు ముడిస్తే బిగువు విడుతుంది, దీన్ని డాక్టర్ దగ్గర చేసి చూపించమని అడిగి నేర్చుకోండి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, మెడకు మాత్రం వద్దు, పీక నొక్కుకునే ప్రమాదం.

ప్రశ్న: నాన్నకు 74 ఏళ్లు, అల్జీమర్స్ అన్నారు. నాకు 41. నేను జీన్ టెస్ట్ చేయించుకోవాలా?
(ఓ ప్రైవేటు ఉద్యోగి, తిరుపతి)

నా అభిప్రాయం అడిగితే వద్దు. ఒక్క మ్యుటేషన్‌తో వచ్చే అల్జీమర్స్ మొత్తంలో నూటికి ఒకటి కూడా ఉండదు, అదీ ఎక్కువగా 65 లోపే మొదలై ప్రతి తరంలోనూ కనబడుతుంది. నాన్నగారిది వయసుతో వచ్చినట్టే ఉంది. ఆన్‌లైన్ కంపెనీలు అమ్మే ఏపీఓఈ అనే జీన్ టెస్ట్ ముప్పు ఎక్కువా తక్కువా అని చెబుతుందే గానీ వస్తుందో రాదో చెప్పదు. ఐస్‌లాండ్‌లో 2012లో ఇంకో వింత బయటపడింది, ఏపీపీ అనే ప్రొటీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ తక్కువ వస్తోంది. మ్యుటేషన్ అనగానే భయపడేవాళ్లకు ఇది చూపించండి. మీరు ఆ టెస్ట్ డబ్బులతో బీపీ, షుగర్, చెవి పరీక్ష చేయించుకోండి. మధ్యవయసులో బీపీ పెరగడం, వినికిడి తగ్గడం మతిమరుపు ముప్పును పెంచుతాయి, ఇవి మనం సరిచేసుకోగలిగినవి.

ప్రశ్న: మా బాబుకు ఫిట్స్, మాట ఆలస్యం. టెస్ట్‌లో ఎస్‌టిఎక్స్‌బిపి1 జీన్‌లో "ప్రాముఖ్యత తెలియని మార్పు" అని రాశారు. అంత డబ్బు పోసి చేయిస్తే తెలియదంటారేమిటి?
(ఓ తండ్రి, కుప్పం)

మీ కోపం న్యాయమే. ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్ తిత్తులు పైపొరకు అతుక్కునేటప్పుడు స్నేర్ ప్రొటీన్లను ఒక క్రమంలో పెడుతుంది, అది సగమైతే ఫిట్స్, మాట ఆలస్యం రెండూ రావొచ్చు. 2008 నుంచి ఈ సంగతి తెలుసు. కానీ మీ బాబులో కనబడిన మార్పు ఆ ప్రొటీన్‌ను నిజంగా చెడగొడుతోందా, లేక మన ప్రాంతంలో నలుగురిలోనూ ఉండే మామూలు తేడానా అన్నది ల్యాబ్ చెప్పలేకపోయింది. పోల్చి చూసే సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్లది కావడం ఇందుకు ఒక పెద్ద కారణం. జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ పథకం కింద 10,000 మంది భారతీయుల జీనోమ్‌లు చదివి 2025లో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు, ఇలాంటి చిక్కులు ఇక మెల్లగా తగ్గాలి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది, మీ ఇద్దరి రక్తంలో ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూడమని ల్యాబ్‌ను అడగండి. మొత్తం టెస్ట్ మళ్లీ చేయించనక్కర్లేదు, ఖర్చు తక్కువే. ఆరోగ్యంగా ఉన్న మీలో ఎవరికైనా అదే మార్పు ఉంటే అనుమానం చాలావరకు పోతుంది. ఇద్దరికీ లేకుండా బాబుకు మాత్రమే ఉంటే అనుమానం బలపడుతుంది. ఏడాదో రెండేళ్లో పోయాక పాత డేటానే కొత్త సమాచారంతో మళ్లీ చూడమని అడిగే వీలుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల కేంద్రం) లాంటి చోట్ల జెనెటిక్స్ డాక్టర్లు రిపోర్ట్ చదివి వివరిస్తారు. ఆ డేటా ఫైలు మీదే, పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని ఈ వారమే అడిగి తీసిపెట్టుకోండి, తర్వాత ల్యాబ్ మారినా ఇబ్బంది ఉండదు. ఈలోగా ఆ వాక్యం చూసి ఎవరూ మందులు మార్చకుండా, బాబు ఫిట్స్ ఎలా ఉన్నాయో దాన్నిబట్టే వైద్యం నడవాలి. స్పీచ్ థెరపీకి మాత్రం ఏ రిపోర్ట్ కోసమూ ఆగొద్దు, రేపే మొదలుపెట్టండి.